లోర్నక్క బ్రేకు లైట్లు

మా అక్క లోర్నా సొంత కారులో వెళ్తున్నా సరే, రైలు పట్టాలు వస్తే బండి ఆపుతుంది. అద్దం దించి చెవి బయటపెట్టి వింటుంది. అటూ ఇటూ చూస్తుంది. అప్పుడు గానీ కదలదు. పెల్హమ్ కౌంటీలో ఇరవై తొమ్మిదేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది మరి. పిల్లల బస్సుకు అది చట్టం, మా అక్కకు ఒంటికి పట్టిన అలవాటు. వెనక పది కార్లు హారన్ కొట్టినా పట్టించుకోదు. ఆ పట్టాల మీద వారానికి రెండు గూడ్సు బళ్ళు పోతాయి, అంతే.

ఈ మనిషే శనివారం వచ్చేసరికి హెల్మెట్ తగిలించుకుని పావు మైలు ట్రాకు మీద పందేనికి దిగుతుంది. ఇరవై రెండేళ్ళుగా దిగుతోంది, ఒక్క కప్పు కొట్టలేదు. కారు డెబ్భై తొమ్మిది మోడల్ కామరో, ఎండకు వెలిసిన గోధుమ రంగు, నలభై ఏడో నంబరు. చూడ్డానికి చిరుతపులి, పరుగులో గేదె. పావు మైలుకి పదిహేనున్నర సెకన్లు. దాని పక్కన నిలబడ్డ కుర్ర బళ్ళు పదకొండు, పన్నెండుకి పోతాయి.

అయినా పందెంలో ఎందుకు నిలుస్తుందంటే, మా పందెం తీరు వేరు. బండి ఎన్ని సెకన్లలో పోతుందో ఎవరికి వాళ్ళే తెల్ల బూటు పాలిష్‌తో అద్దం మీద రాసుకోవాలి. నెమ్మది బండిని ఆ తేడా మేరకు ముందు వదుల్తారు. గీత ముందు దాటినవాళ్ళదే గెలుపు. కానీ రాసిన అంకె కన్నా త్వరగా పోయావా, ముందున్నా ఓడిపోయినట్టే. నీ బండి సత్తా నువ్వే చెప్పాలి, చెప్పింది దాటకూడదు. అందుకే గీత దగ్గర పడ్డాక ఉరుకు ఎక్కువైందనిపిస్తే బ్రేకు తొక్కుతారు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు తొక్కుతారు. మా అక్క ప్రతిసారీ తొక్కుతుంది. అవసరం ఉన్నా లేకపోయినా గీతకి నాలుగు బారల ముందు దాని వెనక ఎర్ర లైట్లు వెలగాల్సిందే. ట్రాకు మీద అందరూ తనను "బస్ స్టాప్" అంటారు. మొహం మీదే అంటారు, తనూ నవ్వుతుంది. నాకే ఒళ్ళు మండుతుంది.

నేను గ్లెన్, దాని తమ్ముణ్ణి. పాత కార్ల యార్డు నడుపుతాను. గుద్దుకున్నవీ, తుప్పు పట్టినవీ, యజమాని పోయినవీ అన్నీ చివరికి నా దగ్గరికే వస్తాయి.

రెండు వేల ఆరు మే నెలలో టికెట్ల కిటికీ దగ్గర ఓ కాగితం అంటించారు. బళ్ళు ఎక్కువైపోయాయట. వచ్చే ఏడు నుంచి శనివారం పందేల్లో పద్నాలుగు సెకన్ల లోపు పోయే బళ్ళకే చోటు. ఈ సీజన్ ముగిసేలోపు ఇదే ట్రాకు మీద పదమూడు అంకెతో మొదలయ్యే టైము చీటీ ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలు, నంబరు నిలబడుతుంది. లేనివాళ్ళు బుధవారం సాయంత్రాలు రావచ్చు. బుధవారాలు మా అక్క స్కూలు ఆటగాళ్ళ బస్సు నడుపుతుంది. అంటే ఇక లేదన్నట్టే.

అక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివింది.

"ఒరేయ్ గ్లెన్, పదిహేనున్నర్లోంచి పదమూడుకి రావాలంటే ఎన్ని గుర్రాలు కావాల్రా?"

"ఫ్యాక్టరీ నీకిచ్చింది నూట డెబ్భై. ఇంకో వంద పైన కావాలి."

"నా దగ్గర తొమ్మిది వందల డాలర్లున్నాయి. కొత్త పొయ్యి కోసం దాచా."

"తొమ్మిది వందలకి గుర్రాలు రావక్కా, గుర్రం బొమ్మలొస్తాయి."

"నోరు మూసుకుని యార్డు తాళాలు తియ్యి," అంది.

ఇక అప్పట్నించీ నా బతుకు నాది కాదు. రోజూ నాలుగున్నరకి బస్సు డిపోలో పెట్టేసి తిన్నగా నా యార్డుకి వచ్చేసేది. ముందు డబ్బు ఖర్చు కాని పనులన్నీ అయిపోగొట్టాం. వెనక సీటు, స్టెప్నీ, ఏసీ పంపు, పనిచెయ్యని హీటరు ఊడబీకాం. ఇంజనులో నిప్పురవ్వ పడే సమయం కాస్త ముందుకి జరిపాం. ఒంటి సన్నగొట్టంలోంచి ఊపిరి బిగబట్టుకుని పొగ వదుల్తున్న ఇంజనుకి, గుద్దుకున్న మరో బండి నుంచి తీసిన రెండు వెడల్పు గొట్టాలు బిగించాం. పదిహేను దిగి పద్నాలుగు తొంభై చూపించింది. అక్క ఆ చీటీ పట్టుకుని హెల్మెట్ తీయకుండానే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. హెల్మెట్ నా నుదుటికి ఠంగుమని తగిలింది. వారం రోజులు బొప్పి ఉంది.

జూన్ చివర్లో నా అదృష్టం పండి, తొంభై ఎనిమిది మోడల్ పికప్ ట్రక్కు ఒకటి వచ్చింది. వెనక నుంచి లారీ గుద్దేసింది, ముందు భాగానికి గీత పడలేదు. ఆ ట్రక్కు ఇంజను తలకాయలు, అదే హెడ్లు, మా పాత ఇంజను మీద సరిగ్గా కూర్చుంటాయి. వాటిలో గాలి దారులు మన పాత వాటికన్నా ఎంతో బాగా తీర్చి ఉంటాయి. తక్కువ డబ్బుతో గుర్రాలు పుట్టించేవాళ్ళందరూ ఆ హెడ్ల కోసం యార్డులు గాలిస్తారు. అవి నా ఇంటికే నడిచొచ్చాయి. అక్కకి ఫోను చేస్తే ఐదు నిమిషాలు అరుస్తూనే ఉంది. ఏం అరిచిందో నాకు తెలీదు, ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నాను.

వాటిని తోమాం, రుద్దాం, వాల్వులు కూర్చోబెట్టాం. వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్ షాఫ్టు మాత్రం కొత్తది కొన్నాం. కొత్తగా కొన్నది దాదాపు అదొక్కటే. ఆదివారం చర్చి నుంచి వచ్చి హెడ్లు బిగించి, వాటి మధ్య కూర్చునే మానిఫోల్డు పైన పెట్టాను. కార్బ్యురేటర్ నుంచి గాలీ పెట్రోలూ హెడ్లలోకి పంచేది అదే. బోల్టు చేతిలోకి తీసుకున్నాను. రంధ్రం కలవలేదు. రెండో బోల్టూ కలవలేదు. అప్పుడు లెక్కపెట్టాను. పాత మానిఫోల్డుకి పన్నెండు బోల్టులు. కొత్త హెడ్లకి ఎనిమిదే.

"ఏంట్రా?" అంది అక్క.

"ఏం లేదు."

"ఏం లేకపోతే చెవులెందుకు ఎర్రబడ్డాయి?"

చెప్పాను. ముప్పై ఏళ్ళుగా ఇనుములో బతుకుతున్నవాణ్ణి, తెలిసిన సంగతే మర్చిపోయాను. మా అక్క నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. తిట్టడం అయ్యాక స్పానరు తుడుస్తూ కూర్చుంది, అది ఇంకా భరించలేకపోయాను. దానికి సరిపడే మానిఫోల్డు కొత్తది కొందామంటే పొయ్యి డబ్బులో మిగిలింది చాలదు.

"డువేన్ దగ్గర ఒకటుంది," అంది చివరికి.

డువేన్ ఫెస్లర్ మొక్కజొన్న రైతు. పసుపు రంగు నోవా కారు, పావు మైలు పదకొండు అరవైకి పోతుంది. ఇంట్లో ఏడు కప్పులున్నాయి. "బస్ స్టాప్" అన్న పేరు పెట్టినవాడు వాడే. నేనైతే చచ్చినా అడగను. అక్క ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికెళ్ళి తలుపు కొట్టింది. పక్కన మొహం గంటు పెట్టుకుని నేను.

"మానిఫోల్డా?" అన్నాడు డువేన్ గుమ్మంలో నిలబడి. "బస్సుకి పెడతావా ఏంటి?"

"బస్సుకి పెడితే నువ్వే వెనకబడతావు. చెప్పు, ఎంతకిస్తావు?"

"డబ్బులొద్దు. నువ్వు కాల్చి చేసే ఆ తీపి రొట్టె, మీగడ 'పై' ఉంది చూడు, చక్కెరా మీగడా వేసి... అవి ఆరు."

"నాలుగు."

"లోర్నా, పదమూడు సెకన్లు కావాల్సింది నీకు, నాకు కాదు."

"ఆరు. కానీ గిన్నెలు తోమి తిరిగివ్వాలి."

రెండే మంటలు వెలిగే పాత పొయ్యి మీద, పనిచేస్తుందో లేదో తెలియని ఓవెన్‌లో, ఆరు పైలు చేసింది మా అక్క. ఒకటి మాడింది. అది నాకిచ్చింది.

ఇంజను మొదటిసారి రాజేసిన రోజు గురించి చెప్పకపోతే ఈ కథ ఎందుకు? అక్క లోపల కూర్చుంది, నేను బానెట్ ఎత్తి కార్బ్యురేటర్ దగ్గర. తాళం తిప్పింది. ఒకసారి దగ్గింది, రెండోసారి తుమ్మింది. మూడోసారి పట్టుకుంది! పట్టుకుని అరిచింది చూడండి, షెడ్డు రేకులు గజగజలాడాయి. గోడకి వేలాడుతున్న స్పానర్లు టకటకా కొట్టుకున్నాయి. మామూలుగా నడిచే ఇంజనులా గుర్రుమంటూ ఉండటం కాదు, ఒక్కో దెబ్బ గుండెల మీద పడుతున్నట్టే ఉంది. అక్క బండి దిగి నా ఎదురుగా నిలబడి ఏదో చెప్పింది. వినపడలేదు. కళ్ళల్లో నీళ్ళున్నాయి, నోట్లో నవ్వుంది. నాకూ అదే పరిస్థితి, పొగ వల్ల అని చెప్పుకున్నాను.

ఆఖర్న వెనక ఇరుసు మార్చాం. యార్డులో చితికిపోయిన ఇంకో కామరో కింద తొందరగా వేగం అందుకునే పొట్టి గేర్ల ఇరుసుంది, మొత్తంగా లాక్కొచ్చి బిగించాం. బండి బయల్దేరేటప్పుడు ఇప్పుడు మెడ వెనక్కి విరుగుతుంది. పద్నాలుగు నలభై. పద్నాలుగు ఇరవై. సెప్టెంబరులో పద్నాలుగు పది. ప్రతి సోమవారం బస్సెక్కే పిల్లలు "ఎంతొచ్చింది?" అని అడిగేవాళ్ళట, అంకె చెప్తే బస్సంతా గోల చేసేవాళ్ళట. అక్టోబరు మొదటికి పద్నాలుగు సున్నా ఆరు దగ్గర ఆగిపోయింది. అక్కడే మొండికేసింది. డబ్బు అయిపోయింది. నేను పీకడానికి బండిలో ఇంకేం మిగల్లేదు. సెకనులో నూటికి ఆరు వంతులు! కనురెప్ప వేసేంత కూడా కాదు. దాన్ని నేను రాత్రీ పగలూ తిట్టుకున్నాను.

సీజన్‌లో ఆఖరి శనివారం ఎండ బాగా కాసింది, అక్టోబరులో అలాంటి వేడి మాకు అరుదు. మధ్యాహ్నం పందేలు మొదలయ్యాయి. అద్దం మీద నేనే పద్నాలుగు సున్నా ఐదు అని రాశాను. మొదటి రౌండు పద్నాలుగు సున్నా ఎనిమిది, గెలిచింది. రెండో రౌండులో ఎదుటివాడు పచ్చ దీపం వెలగకముందే కదిలాడు, గెలిచింది. మూడూ గెలిచింది. నాలుగూ గెలిచింది! ప్రతిసారీ గీత ముందు ఆ ఎర్ర లైట్లు వెలగడం, నేను దడి పట్టుకుని పళ్ళు నూరడం, అయినా గెలవడం. సాయంత్రం ఐదుకి మైకులో ఆరిన్ పైక్ గొంతు వినిపించింది. టవరులో కూర్చుని టైములు చదివేది ఆయనే.

"ఆఖరి రౌండు, ఈ ఏడాదికి ఆఖరి పరుగు! డువేన్ ఫెస్లర్, పసుపు నోవా. లోర్నా స్టకీ, గోధుమ రంగు... అమ్మా లోర్నా, నిజంగా నువ్వేనా?"

అందరూ గొల్లుమన్నారు. అక్క మాత్రం బండి పక్కన నిలబడి వేయించిన పంది మాంసం శాండ్‌విచ్ ప్రశాంతంగా తింటోంది.

"పదమూడు రాదులేరా," అంది. "ఆ కప్పు ఒక్కటి పట్టుకెళ్దాం. ఇరవై రెండేళ్ళకి ఒకటి. చాలు, దండం పెట్టేసి వచ్చేద్దాం."

 నేను పాలిష్ డబ్బా తీసి అరిగిపోయిన అంకె మళ్ళీ దిద్దాను, పద్నాలుగు సున్నా ఐదు. అప్పుడే ఉత్తరం నుంచి గాలి మొదలైంది. చల్లగా కోసేస్తోంది. జాకెట్ గుండీలు పెట్టుకున్నాను, టోపీ చెవుల మీదికి లాక్కున్నాను. మళ్ళీ చెప్తున్నాను, ముప్పై ఏళ్ళుగా ఇనుములో బతుకుతున్నవాణ్ణి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, ఇంజను దాన్ని మింగితే బలం పెరుగుతుంది, ట్రాకు మీద పసిపిల్లకి కూడా ఈ సంగతి తెలుసు. చలికి వణుకుతూ నిలబడి కూడా అంకె మార్చాలని నాకు తట్టలేదు. కప్పు కళ్ళ ముందు మెరుస్తుంటే ఇంకేం తడుతుంది!

ఎర్ర, పసుపు, ఆకుపచ్చ దీపాల స్తంభం ముందు రెండు బళ్ళూ నిలబడ్డాయి. అక్క వైపు పచ్చ దీపం ముందు వెలిగింది. బండి ఎగిరింది. నిజంగా ముందు చక్రాలు తేలికపడటం చూశాను. డువేన్ రెండు సెకన్ల పైన ఆగి, వెనక నుంచి తుపానులా వచ్చాడు. సగం ట్రాకు దాటేసరికి నాకు అర్థమైంది. ఆ మోత వేరు. రోజంతా విన్న మోత కాదది. గాలి చల్లబడింది! అంకె తప్పు! 

"బ్రేకు! అక్కా, బ్రేకు!" అని అరిచాను, వినపడుతుందన్నట్టు. జీవితంలో మొదటిసారి ఆ ఎర్ర లైట్లు వెలగాలని కోరుకున్నాను. డువేన్ ఇంకా ఒక బండి పొడుగు వెనకే ఉన్నాడు. కాస్త తాకిస్తే చాలు, కప్పు తనది.

లైట్లు వెలగలేదు.

గీత దాటేసింది. ముందు దాటింది మా అక్కే. పెద్ద బోర్డు మీద మాత్రం డువేన్ వైపు గెలుపు దీపం వెలిగింది, అక్క వైపు అంకె పడింది. 13.98.

 ఆరిన్ మైకులో గావుకేక పెట్టాడు. "పదమూడు తొంభై ఎనిమిది! ఓడిపోయింది! పదమూడు తొంభై ఎనిమిది!" దడి అవతల జనం టోపీలు ఎగరేశారు. గెలిచినవాణ్ణి పట్టించుకున్నవాడు లేడు. నేను ట్రాకు పొడుగునా పరిగెత్తాను, యాభై రెండేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పితో. వెళ్ళేసరికి డువేన్ నోవా దిగి అక్క మీద మండిపడుతున్నాడు.

"నీ బ్రేకు లైట్లేవమ్మా? బల్బులు పోయాయా? ఇరవై రెండేళ్ళుగా వాటిని చూసుకునే నేను కాలు సర్దుకుంటా! ఇవాళ గుడ్డివాడిలా దాటాను."

"బల్బులు బాగానే ఉన్నాయి," అంది అక్క.

డువేన్ ఓ క్షణం చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వి అక్క భుజం చరిచాడు. "నా మానిఫోల్డుతో నన్నే దాటావు కదే! ఇంకో రెండు పైలు బాకీ."

టవరు దగ్గర ఆరిన్ చీటీ మీద సంతకం పెట్టి, వచ్చే ఏడాది పుస్తకంలో నలభై ఏడు అని రాసుకున్నాడు. కప్పు డువేన్ పట్టుకెళ్ళాడు, అది వాడికి ఎనిమిదోది.

అదే కామరోలో ఇంటికి బయల్దేరాం. చీటీ అక్క జేబులో ఉంది, అయినా నా మనసంతా పోయిన కప్పు మీదే. కౌంటీ రోడ్డు మీద పట్టాలు వచ్చాయి. అక్క బండి ఆపింది. అద్దం దించింది. ఆ చల్లగాలి లోపలికొచ్చింది.

"నా తప్పక్కా," అన్నాను. "అంకె దించి పదమూడు తొంభై ఐదు రాసుంటే రెండూ నీవే. కప్పూ, నంబరూ. గుండీలు పెట్టుకున్నాను గానీ బుర్ర పెట్టలేదు."

అక్క అటు చూసింది, ఇటు చూసింది.

"వేగం చూపే సూది చూశానురా," అంది. "వెయ్యి అడుగుల గుర్తు దగ్గర పగలంతా నిలబడ్డ చోట లేదు, పైకెక్కేసింది. అంకె దాటుతున్నానని తెలుసు. కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది. పోయి, పైన ఆగింది. ఇరవై రెండేళ్ళుగా గీత ముందు కాలు తీస్తూనే ఉన్నాను, ఈ బండి గీత దాకా పరిగెడితే ఎంతొస్తుందో నాకు ఇవాళ్టి దాకా తెలీదు. కప్పు కావాలో, అది తెలియాలో..." ఆగి ముక్కు ఎగబీల్చింది. "నువ్వు సరైన అంకె రాసుంటే, దాన్ని చూసి మళ్ళీ బ్రేకు తొక్కేదాన్నేమోరా."

రెండు వైపులా ఏ రైలూ లేదు. అద్దం పైకెత్తింది. పట్టాలు మెల్లగా, పిల్లల్ని ఎక్కించుకున్నట్టే దాటింది. దాటాక కాలు నేల దాకా నొక్కింది. నేను సీటుకి అతుక్కుపోయి, టోపీ పట్టుకుని, అక్కతో పాటు అరవడం మొదలుపెట్టాను.